సదరు వ్యక్తి

నేను భద్రాచలంలో విలేఖరిగా పనిచేసిన రోజుల్లో మాకు రెండు ప్రభుత్వాల నుంచి ప్రెస్‌నోట్లు వచ్చేవి. ఒక ప్రభుత్వం హైదరాబాదులో ఉండేది. దాని నోటు సమాచార శాఖ నుంచి ఫోటోతో సహా, మనం అడగకముందే వచ్చేది. రెండోది సరిహద్దు అవతల, ఛత్తీస్‌గఢ్ అడవిలో ఉండేది. దాని నోటు ఎప్పుడొస్తుందో, ఎవరి చేతుల మీదుగా వస్తుందో తెలియదు. అది తెలుసుకోవాలని ప్రయత్నించకపోవడమే ఇక్కడ ఉద్యోగంలో మొదటి పాఠమని నాకు ముందు పనిచేసినాయన చెప్పి, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి కొంచెం చెబుతాను. ఆ రెండో ప్రభుత్వం పెద్దల్లో చాలామంది మన జిల్లాల్లో పుట్టినవాళ్ళే. ఇక్కడ నిర్బంధం పెరిగి నిలవలేక అవతలికి పోయారు. అక్కడి కోయగూడేల్లో కమిటీలు పెట్టి, వ్యవసాయానికొకటి, న్యాయానికొకటి, ప్రచారానికొకటి శాఖలు పంచుకుని, దాన్ని జనం సర్కారు అన్నారు. మా ఖమ్మం డెస్కులో ఒకాయన దానికి ప్రవాస ప్రభుత్వం అని పేరు పెట్టాడు. హాస్యానికి పెట్టినా పేరు బాగా అతికింది. సర్కారు అక్కడుంది, ధ్యాస ఇక్కడుంది. ప్రకటన ఏదైనా మంచి తెలుగులో, ఖమ్మం, వరంగల్ ప్రజల్ని ఉద్దేశించి వచ్చేది. అక్కడి గూడేల్లో ఆ తెలుగు చదివి అర్థం చేసుకోగలిగినవాళ్ళు ఎందరున్నారో నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే.

వాళ్ళ ప్రచారానికి ఇటునుంచి పోటీ ప్రచారం ఉండేది. పొద్దున్నే బస్టాండు గోడల మీద, అంగడి దారిలో కరపత్రాలు కనిపించేవి. కింద ఏదో ఆదివాసీ సంఘం పేరు. ఆ సంఘం అధ్యక్షుణ్ణి గానీ, కార్యదర్శిని గానీ ఎవరూ చూసింది లేదు. కరపత్రం రాసినాయన ఏ టేబుల్ ముందు కూర్చుని రాశాడో మాత్రం మేం పోల్చుకునేవాళ్ళం. భాష పట్టించేది. అవతలివాళ్ళ వాక్యం పొడుగ్గా, ఊపిరి తీసుకోకుండా సాగి, చివర ఒక పిలుపుతో ఆగేది. ఇవతలి కరపత్రంలో ఎక్కడో ఒకచోట పోలీస్ స్టేషన్ వాసన వచ్చేది. తదుపరి. నిమిత్తం. ముఖ్యంగా సదరు. ఎఫ్ఐఆర్‌లు రాసి రాసి అలవాటు పడ్డ స్టేషన్ రైటర్‌కు ఆ మాట లేకుండా మనిషిని చూపించడం చేతకాదు. ఒకసారి ఒక కరపత్రంలో ‘సదరు అమాయక ఆదివాసీలు’ అని వచ్చింది. కనిపించిన ప్రతివాడినీ సదరు మిత్రమా అని పిలుస్తూ చాలా రోజులు నవ్వుకున్నాం.

అట్లా, ఏ కాగితం వచ్చినా ముందు వాసన చూడటం, తర్వాత చదవటం మా అలవాటు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ విద్య నేనే నేర్పేవాణ్ణి. చాలా గర్వంగా నేర్పేవాణ్ణి.

నా ఉద్యోగం చివరి సంవత్సరాలకు కాగితాలు పోయి గొంతులు వచ్చాయి. అవతలి సర్కారు అధికార ప్రతినిధి ఫోనులో మాట్లాడి, ఆ మాటలు రికార్డు చేసి పంపేవాడు. ఎవరో ఎక్కడో సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కి మా నెంబర్లకు వేసేవారు. ప్రతినిధి పేరు ఎప్పుడూ ఒకటే. ఆ పేరు మనిషిది కాదు, పదవిది. ఒకరు చనిపోతే ఇంకొకరు అదే పేరుతో మాట్లాడేవారు. అందువల్ల పేరు చూసి నమ్మేది లేదు.

దానికి తోడు ఆ రోజుల్లోనే లోపల చీలిక వచ్చింది. ఆయుధాలు పక్కనపెట్టి మాట్లాడదామనేవాళ్ళు కొందరు, అది ద్రోహం అనేవాళ్ళు కొందరు. రెండు పక్షాలూ అదే పేరుతో, అదే కమిటీ తరఫున ప్రకటనలు ఇచ్చాయి. ఇవాళ వచ్చినదాన్ని రేపు వచ్చింది నకిలీ అనేది. ఎల్లుండి వచ్చింది ఆ రెంటినీ నకిలీ అనేది. మాకు అడవి మొత్తం అనుమానంగా కనిపించిన కాలం అది.

మిరప కోతలు జోరుగా సాగుతుండగా ఒక మధ్యాహ్నం ఆ క్లిప్పు వచ్చింది. రెండు నిమిషాలు కూడా లేదు. గొంతు కొత్తది. తెలుగు కూడబలుక్కుంటున్నట్టు మాట్లాడుతున్నాడు. సారాంశం ఇది. కొన్నేళ్ళ కింద ఫలానా గూడేనికి చెందిన ఫలానా వ్యక్తి పోలీసులకు సమాచారం ఇస్తున్నాడని కమిటీ ప్రకటించింది. అది తప్పు. ‘సదరు వ్యక్తి ఏ విధమైన ద్రోహానికి పాల్పడలేదని మా విచారణలో తేలినది. సదరు వ్యక్తి తన గ్రామమునకు తిరిగి రావచ్చును. సదరు ప్రకటనను ఉపసంహరించుకుంటున్నాము. జరిగిన దానికి విచారిస్తున్నాము.’

ప్రెస్‌క్లబ్ అంటే మాకు ఒక టిఫిన్ హోటల్ పైన గది. అందరం అక్కడే చేరాం. క్లిప్పు ఒకసారి విని, మళ్ళీ పెట్టమన్నారు. రెండోసారి నవ్వులు మొదలయ్యాయి.

“అన్నా, లెక్క వెట్టినవా? ఊపిరికో సదరు కొడుతున్నడు” అన్నాడు టీవీ మిత్రుడు. ఆయనది ఏన్కూరు. ఒక ఛానల్‌కు స్ట్రింగర్. నాకంటే చిన్నవాడు, నోరు నాకంటే పెద్దది.

“పక్కన రైటర్ కూసొని అందిస్తుండు కావచ్చు” అన్నారింకొకరు.

“తేలినది, గ్రామమునకు... నిమిత్తం ఒక్కటి మర్చిపోయిండు పాపం. ఎస్సై కోప్పడుతడు.”

అంతా నవ్వాం. నేనూ నవ్వాను. నేను నేర్పిన విద్యే కదా. పైగా అవతలివాళ్ళు ఒక మనిషి పేరు పెట్టి తప్పు ఒప్పుకోవడం నేను అంతవరకు వినలేదు. నకిలీ అని అక్కడికక్కడే తేల్చేశాం.

సాయంత్రంలోగా రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది సీఐ గారి నుంచి. ఆయన మామూలుగా ఫోన్ చేసేది ఏదైనా వద్దని చెప్పడానికి. ఆ రోజు మాత్రం గొంతులో తేనె.

“క్లిప్పు ఇన్నరా సార్? మంచి వార్త గద. పాపం ఎవరో పేదోనికి ఇన్నేండ్లకు న్యాయం జరిగినట్టే. జర పెద్దగ ఏయిండ్రి.”

“నిజమేనంటారా?”

“గది మీకే తెల్వాలె. మీరు పెద్దోళ్ళు.”

రెండోది ఖమ్మం నుంచి, రిటైరైన ఒక లెక్చరర్. అవతలివాళ్ళ మాటను పట్నంలో సభల్లో చెప్పే మనిషి. “అది నకిలీదండీ. వేశారంటే మీ పత్రిక పరువు పోతుంది” అన్నాడు.

“మీకెట్లా తెలిసింది సార్?”

“భాష చూడండి. అది ఉద్యమ భాషేనా?”

ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. వెయ్యమన్నాయనకు అందులో లాభం ఉంది. నకిలీదైనా, నిజమైందైనా, వాళ్ళు తప్పు ఒప్పుకున్నారని ఊరూరా చెప్పుకోవచ్చు. వద్దన్నాయన చీలికలో చర్చలే ద్రోహమనే పక్షం మనిషి. ఆ పక్షానికి క్షమాపణలు గిట్టవు. ఇద్దరూ క్లిప్పు గురించి మాట్లాడారు. క్లిప్పులో పేరు వచ్చిన మనిషి బతికున్నాడా, ఎక్కడున్నాడు అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నాకు మొత్తం వ్యవహారంలో అది ఎక్కువ అనుమానం కలిగించింది.

ఆ మనిషి ఎక్కడున్నాడో మాలో కొందరికి తెలుసు. అప్పటి ప్రకటన మా పత్రికతో సహా అన్నిట్లో వచ్చింది. నేనప్పుడు మణుగూరులో బొగ్గు గనుల వార్తలు రాసుకుంటున్నాను. పేపరు వచ్చిన రోజే ఆయన భార్యాపిల్లలతో అడవిదారిన ఇవతలికి వచ్చేశాడు. చర్ల వైపు గోదావరి ఒడ్డున మిరప చేలల్లో కోత కూలీలకు మేస్త్రీగా స్థిరపడ్డాడు. అవతలి నుంచి వచ్చిన కోయ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వాళ్ళంతా ఆయన కింద పనిచేసేవారు. ఆయన పాకలోకి వెళ్ళి కూర్చునేవారు మాత్రం కాదు. ఆ చెడ్డమాట పేపర్లో పడ్డ మనిషితో కలిసి కనిపిస్తే అవతల ఉన్న తమవాళ్ళకు ఏమవుతుందోనని భయం.

మర్నాడు పొద్దున టీవీ మిత్రుడి బండి మీద బయల్దేరాం. చేను యజమాని మమ్మల్ని కల్లం దగ్గరే ఆపాడు. వాళ్ళ నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. పరచిన మిరపకాయల ఘాటుకు మేమిద్దరం ఆగకుండా తుమ్ముతుంటే ఆయన ముక్కు కూడా ఎగబీల్చకుండా మాట్లాడుతున్నాడు.

“మేస్త్రీ కోసమా? మళ్ళీ ఏవైనా గొడవాండీ? వీడుగానీ కదిలాడంటే నా కోత ఆగిపోద్ది, ముందే చెబుతున్నా.”

“గొడవ కాదు, ఒకటి వినిపించాలి” అన్నాను.

మేస్త్రీకి నలభై దాటి ఉంటాయి. తలకు చుట్టిన తువ్వాలు తీసి, చేతులు తుడుచుకుని, నాకు కొంచెం దూరంలోనే నిలబడ్డాడు. ఫోన్ పెట్టాను. గొంతు అలంకారాలేమీ లేకుండా ఆయన పేరు, గూడెం పేరు పలికింది. ఆయన ఒళ్ళు బిగుసుకోవడం కనిపించింది. ఆ పేరు అట్లాంటి ప్రకటనలో మొదటిసారి వచ్చినప్పుడు ఇల్లు వదిలి నడిచిన మనిషి. తర్వాత మొదటి ‘సదరు’ వచ్చింది. ఆయన తల పక్కకు వంచాడు. రెండోది వచ్చింది. మూడోదానికి పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

“వాడే! వాడే సార్, సదరు గాడే!”

మాకు అర్థం కాలేదు.

“మేం ఈడ దొరికి ఒక్కటే కేసుల జైలుకు పోయినం సార్. వాడు అప్పటికి పోరడు, తెలుగు తెల్వదు. ఆడ ఒక పెద్దాయన అక్షరాలు నేర్పిండు. సదువుకుంటందుకు ఏముంటయి జైల్ల? కోర్టోళ్ళు ఇచ్చిన చార్జిషీటే. పొద్దు మాపు గదే సదివెటోడు. గట్టిగ సదివెటోడు. సదరు నిందితుడు, సదరు నిందితుడు. వానికి తెలుగంటే గదే సార్. నీళ్ళు కావాలంటే సదరు చెంబు ఇటియ్యి అనెటోడు.” నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. “బరాక్‌ల అందరు వాన్ని సదరు అనే పిలిచేది.”

టీవీ మిత్రుడు నా మొహంలోకి చూశాడు. నేను మిరపకాయల వైపు చూశాను. ఇన్నేళ్ళూ నేను బోధించిన విద్య అంతా ఒక్క దెబ్బతో కూలింది. మాట తీరు బట్టి మనిషి ఆ భాష ఎక్కడ నేర్చుకున్నాడో చెప్పవచ్చు. ఎవరి పక్షమో చెప్పలేం. పోలీసులే రాసి చేతికిచ్చిన తెలుగుతో అవతలి సర్కారు ప్రతినిధి మాట్లాడుతున్నాడు, అంతే.

ఈ సంగతి ఇప్పుడు రాయగలుగుతున్నానంటే, ఆ గొంతు మనిషి ఆ తర్వాతి వానాకాలంలో చనిపోయాడని రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి కాబట్టి. రెండూ ఒకే మాట చెప్పిన వార్త నా ఉద్యోగ జీవితంలో అదొక్కటే. మేస్త్రీ కుటుంబం ఆ చేను వదిలి వేరే చోటికి పోయింది. ఎక్కడికో నాకు తెలుసు, రాయను.

నవ్వు ఆగాక మేస్త్రీ కల్లం గట్టు మీద కూర్చున్నాడు. కేసులో ఆయనకు బెయిలు మిగతావాళ్ళకంటే ముందు వచ్చిందట. ఎందుకు ముందు వచ్చిందని అవతల ఎవరికో అనుమానం పుట్టింది. అంతే, ఇంకేమీ లేదు. ప్రకటన వచ్చింది. తల్లి రానన్నది, అక్కడే ఉండిపోయింది, అక్కడే పోయింది.

“మా కోయోళ్ళల సచ్చిపోయినోళ్ళ పేరు మీద ఊరవతల రాయి నిలబెడతరు సార్. పెద్దకొడుకు ముట్టుకోవాలె. మా తమ్ముడు రాయి తెచ్చి పండవెట్టిండంట. నేను పోతెనే లేపుతరు.” నా ఫోను వైపు చూసి, “గిప్పుడు పోవచ్చు గదా? రావచ్చు అన్నడు గద?” అన్నాడు. అడిగినట్టుంది, తనకు తాను చెప్పుకున్నట్టూ ఉంది.

“పేపర్ల వస్తే పోవచ్చు. అప్పుడు పేపర్ల వచ్చిందని అందరు నమ్మిండ్రు. గిప్పుడు గూడ పేపర్ల వస్తే నమ్ముతరు. ఆడ ఊరోళ్ళు, ఈడ మావోళ్ళు.”

“వస్తుంది” అన్నాను. నా దగ్గర ఇప్పుడు నిర్ధారణ ఉంది. గొంతు ఎవరిదో తెలిసిన మనిషి ఎదురుగా ఉన్నాడు. విలేఖరికి ఇంతకంటే ఏం కావాలి? టీవీ మిత్రుడు అప్పటికే సంచిలోంచి మైకు తీస్తున్నాడు.

“అన్నా, గీ ముక్కనే కెమెరా ముంగట చెప్పు. జైల్ల కలిసి ఉన్నం, గొంతు వానిదే, నేను గుర్తువట్టిన అని. సాలు. సాయంత్రానికి రాష్ట్రమంతా తిరుగుతది.”

చేను యజమాని కూడా ఉత్సాహపడ్డాడు. “చెప్పెయ్యరా! కావాలంటే సీఐ గారి దగ్గరికి నేనే తీసుకెళ్తా. వాడెవడో, ఏ ఊరోడో, మొత్తం చెప్పెయ్యి. నీ పేరు కడిగేసినట్టయిపోద్ది.”

మేస్త్రీ మైకు వైపు చూశాడు. తర్వాత యజమాని వైపు చూశాడు. మొహంలో మిగిలిన నవ్వు మెల్లగా పోయింది.

“వాడెవడో, ఏ ఊరోడో చెప్తే...” అన్నాడు. “గట్ల చెప్పేటోన్నే గద దొరా, ఇన్ఫార్మర్ అనేది.”

దూరంగా కూలీలు చెట్లలో వంగి కోస్తున్నారు. నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆయన ద్రోహి కాదని చెప్పే క్లిప్పు నిజమైందని రుజువు చేయాలంటే, ఆ గొంతు ఎవరిదో ఆయన చెప్పాలి. చెప్పిన క్షణాన, తన మీద వేసిన పాత మాట నిజమవుతుంది. ఆయన పేరు కడగగలిగిన వాక్యం ఒక్కటే ఉంది. ఆ వాక్యం ఇన్ఫార్మర్ మాత్రమే అనగల వాక్యం.

“గిందాక నేనేమన్న సార్?” అని నన్ను అడిగాడు మేస్త్రీ.

“ఏమీ అనలేదు” అన్నాను.

“ఏమన్లే” అన్నాడు టీవీ మిత్రుడు. మైకు మీది ఛానల్ గుర్తు ఊడదీసి, దాన్ని ఒక చేతిలో, మైకును ఒక చేతిలో పట్టుకుని, ఏది ముందు సంచిలో పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు.

సాయంత్రం వార్త రాశాను. క్లిప్పులో ఉన్నది ఉన్నట్టు. ఫలానా వ్యక్తిపై గత ఆరోపణను ఉపసంహరించుకుంటున్నట్టు కమిటీ పేరిట ప్రకటన వెలువడింది, అని. నకిలీ అనే మాట గానీ, నిజం అనే మాట గానీ రాయలేదు. ఖమ్మం డెస్కులో ఎడిషన్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. మధిర వైపు మనిషి, మర్యాదస్తుడు.

“గురువుగారూ, దీనికి నిర్ధారణ ఉందా?”

“ఉంది.”

“ఎవరండీ?”

“చెప్పలేను.”

“అయితే లేనట్టే కదండీ.”

“అప్పట్లో ఆయన్ని ద్రోహి అన్న ప్రకటన వేశాం. దానికి నిర్ధారణ ఎవరిచ్చారు?”

“అది ప్రకటనండీ. వచ్చింది, వేశాం.”

“ఇదీ ప్రకటనే.”

“కానీ ఇది అనుమానంగా ఉంది కదా. మీరే చెప్పేవారు, సదరు కనబడితే వదిలెయ్యమని” అన్నాడాయన. ఆయన మా దగ్గర కొత్తగా చేరినప్పుడు ఆ విద్య నా దగ్గరే నేర్చుకున్నాడు. “వద్దనడం లేదు. చూసి వేస్తాం లెండి” అని పెట్టేశాడు.

చూసి వేశారు. పొద్దున్నే జిల్లా పేజీలో, ‘క్షమాపణ క్లిప్పు నకిలీదేనా?’ అని శీర్షిక. కింద నా నాలుగు పేరాలు, వాటి ముందు డెస్కు కలిపిన ఒక పేరా. ప్రకటనలో పోలీసు భాష వాడటంపై విలేఖరుల వర్గాల్లో అనుమానాలు వ్యక్తమవుతున్నాయట. ఆ విలేఖరుల వర్గాలు ఏ టిఫిన్ హోటల్ పైన కూర్చుని నవ్వాయో నాకు తెలుసు.

ఎవరో చదివి వినిపించేలోపు నేనే చెప్పాలని పేపరు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నేను చేను చేరేసరికి కల్లం పక్కన జీపు ఆగి ఉంది. సీఐ మామూలు బట్టల్లో మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. మేస్త్రీ ఎదురుగా నిలబడ్డాడు.

“రాండ్రి సార్, మంచి టైముకొచ్చిండ్రు” అని సీఐ నాకు మంచం మీద చోటిచ్చి, మేస్త్రీ వైపు తిరిగాడు. “ఇగో, భయపడకు. గొంతు గుర్తువట్టినవంట గద? ఎవడని చెప్పు. నేనే ప్రెస్‌మీట్‌ల పక్కన కూసోవెట్టుకొని నీకు దండ ఏయిస్త. అవతలోళ్ళే నిన్ను మంచోడన్నరు. ఇగ మేం గూడ అంటం.”

నిన్న ఆ మాట విన్నవాళ్ళం ముగ్గురమే. నేను, టీవీ మిత్రుడు, చేను యజమాని. యజమాని కల్లంలో కాయలు ఎంతో శ్రద్ధగా తిరగేస్తున్నాడు. ఎవరు చేరవేశారో నాకు ఈనాటికీ తెలియదు. నిన్న మా బండి వెనక ఎవరైనా వచ్చారేమో, కూలీల్లో ఎవరికైనా నవ్వు వినిపించిందేమో. టీవీ మిత్రుణ్ణి అడగలేదు. ఆయనా నన్ను అడగలేదు. కానీ ఆ తర్వాత మేమిద్దరం ఎప్పుడూ ఒకే బండి మీద వార్తకు పోలేదు.

“నాకు తెల్వదు సార్” అన్నాడు మేస్త్రీ.

“నవ్వినవంట గద, పేరు వెట్టి.”

“ఆ తెలుగుకు నవ్విన సార్. గసొంటి తెలుగు వాళ్ళు మాట్లాడరు. గది దొంగ గొంతు.”

“దొంగదా?”

“అవ్ సార్. ఎవరో గిట్టనోళ్ళు చేసిండ్రు. నన్ను ఊరికి పిలిపిచ్చి చంపెటందుకు.”

తన మీద పడ్డ మచ్చను తుడిచేసిన ఒకే ఒక్క మాటను, తన నోటితోనే, కూలీలందరికీ వినబడేట్టు అబద్ధమని చెబుతున్నాడు. సీఐ నా వైపు చూశాడు. “మీరేమంటరు సార్? మీ ముంగట వేరే తీరు చెప్పిండంట?”

పొద్దున ఆ శీర్షిక చూసి డెస్కును తిట్టుకున్న తిట్లు ఇంకా నోట్లోనే ఉన్నాయి. అయినా నాకు అప్పుడు అక్కరకొచ్చింది అదే. “ఇవాళ పేపరు చూడలేదా? నకిలీదేమోనని మేమే వేశాం కదా” అన్నాను. “నాకు వేరే తీరు చెప్పి ఉంటే అట్లా వేస్తామా?”

ఆయన తెలివైనవాడు. నమ్మలేదు. కానీ అచ్చయిన వార్త ఒకటి ఎదురుగా ఉంటే ఎంత తెలివైన అధికారికైనా మాట కొంచెం అడ్డం పడుతుంది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, “సరే తియ్. గుర్తుకొస్తె చెప్పు” అని జీపెక్కాడు.

జీపు దుమ్ము అణిగాక కూలీలు మళ్ళీ వంగారు. వాళ్ళలో ఒకామె మాత్రం కోసిన కాయల బుట్ట దించి మా వైపు వచ్చింది. మేస్త్రీ భార్య. నిన్న ఆమె చేను అవతలి చివర ఉందట. ఇవాళ మగడు పోలీసుల ముందు నిలబడి ఏదో కాదనడం మాత్రం చూసింది. ఆమెకు తెలుగు కూలీ మాటల వరకే వచ్చు.

“సార్, ఒక్కసారి పెట్టు. ఆమె ఇనలె” అన్నాడు మేస్త్రీ.

“సీఐ ఇప్పుడే పోయాడు” అన్నాను.

“చిన్నగ పెట్టు.”

పాక వెనక కూర్చున్నాం. సౌండు తగ్గించి, ఫోను వాళ్ళిద్దరి మధ్య పెట్టాను. మగడి పేరు వచ్చినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్లిప్పు అయిపోయింది. మేస్త్రీ తమ భాషలో ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాల క్లిప్పును చాలాసేపు చెప్పాడు. ఏం కలిపాడో, ఎక్కడెక్కడ ఏం నింపాడో నాకు తెలియదు. ఒకచోట చెయ్యి పైకెత్తి నిలువుగా పట్టుకుని చూపించాడు, ఏదో పెద్దదాన్ని నిలబెడుతున్నట్టు. ఆమె కళ్ళార్పకుండా ఆ చేతినే చూసింది.

అంతా విని, ఒక్క మాట అడిగింది. ఆయన జవాబు చెప్పాడు. ఆమె లేచి, నా వైపు రెండు చేతులూ జోడించి, బుట్ట ఎత్తుకుని చెట్లలోకి పోయింది. నడకలో ఏదో తేడా కనిపించింది. తోటి ఆడవాళ్ళ దగ్గరికి తనంతట తానే పోయి, వాళ్ళ పక్క సాలులో వంగింది.

“ఏమడిగింది?” అన్నాను.

“అందరికి ఎప్పుడు తెలుస్తది అని అడిగింది సార్.”

“ఏం చెప్పావు?”

ఆయన తువ్వాలు తలకు చుట్టుకుంటూ నా సంచి వైపు చూశాడు. మడిచిన పేపరు అంచు బయటికి కనబడుతోంది. అందులో ఏముందో ఆయనకు ఎవరో అప్పటికే చదివి చెప్పారు.

“పేపర్ల వస్తది అని చెప్పిన” అన్నాడు.